అమ్మాయి నానో మందుల పరిశోధన అంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఫార్మసీ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. మధుమేహానికి వాడే మూలికలను నానో కణాలతో మెరుగుపరిచే పరిశోధన చేస్తానంటోంది. మామూలు ఫార్మాస్యూటిక్స్ (మందును మాత్రగానో మరో రూపంలోనో తయారుచేసే శాస్త్రం) తీసుకోమని నేనంటున్నాను. నాకూ పదేళ్లుగా షుగరు ఉంది. ఏది మేలు?

జవాబు: మీ ఉత్తరంలో మీ షుగరు గురించి ఉంది, అమ్మాయికి ఏ పని ఇష్టమో ఒక్క ముక్క లేదు. మీ జబ్బు చూసే తను ఇటు మొగ్గిందేమోనని బెంగ కాబోలు. ఆ బరువు తన నెత్తిన పెట్టకండి. తన థీసిస్ పూర్తయినా మీ మాత్రలు మీరు వేసుకోవలసిందే.

ఆలోచనలో పస లేకపోలేదు. పసుపులోని కర్క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు. లోపలికి చేరిన కాస్తనూ పేగు గోడ, కాలేయం త్వరగా మార్చేస్తాయి. దాన్ని కొవ్వు తొడుగులోనో పాలిమర్ తొడుగులోనో పెట్టి రక్తంలోకి ఎక్కువగా చేర్చాలన్నదే ప్రయత్నం.

నా అనుమానమంతా ఈ రంగంలోని మోజు మీద. ఆకు రసంలో సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణం కలిపితే ద్రావణం గోధుమరంగుకు తిరుగుతుంది. ఫొటో తీసుకుని మందు తయారైందని మురిసిపోయే విద్యార్థులున్నారు. తయారైనవి వెండి కణాలు! అవి ఒంట్లో పేరుకుంటే ఏమవుతుందో తేల్చకుండానే ఎలుకల దగ్గరికి వెళ్తారు. షుగరు తెప్పించడానికి వాటికిచ్చే స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనం ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపుతుంది. ఎక్కువ మందికి ఉండే టైప్ 2 అలా రాదు. పైగా నేలను బట్టి, కోసిన కాలాన్ని బట్టి ఆకులోని సారం మారుతుంది. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర కథ కూడా గలేగా అనే మొక్కతోనే మొదలైంది. అయితే 1957లో ఫ్రెంచి వైద్యుడు జాఁ స్టెర్న్ ఫలితాలు ప్రకటించింది కషాయం మీద కాదు, ఒకే ఒక్క రసాయనం మీద.

మీరు పోలిక అడిగారు గానీ ఇవి రెండు దారులు కావు. కణం సైజు కొలవడం, మందు ఎంతసేపటికి విడుదలవుతుందో చూడడం, హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద మోతాదు తేల్చడం, అన్నీ ఫార్మాస్యూటిక్స్ పనులే. ఎంఆర్ఎన్ఏ కోవిడ్ టీకాలను మోసినవి కూడా కొవ్వు నానో కణాలే. మూలికల మోజు తగ్గినా ఆ చేతిపని ఎక్కడికీ పోదు. నిశ్చింతగా ఉండండి.

గైడును కలిసినప్పుడు అమ్మాయిని ఒక్కటి అడగమనండి: మొక్క సారంలో ఏ పదార్థం ఎంత ఉందో ఈ ల్యాబులో కొలుస్తారా? నీళ్లు నమిలితే ఇంకో గైడును వెతుక్కోవాలి. మీరు మాత్రం వెంట వెళ్లకండి.