ప్రెప్ గోలీ నెల తిరక్కముందే మానేస్తున్న తమ్ముళ్లకు ఎలా తోడుండాలి?

అన్నా, మీ రూమ్‌లో తమ్ముళ్లిద్దరూ హెచ్‌ఐవీ రాకుండా రోజూ వేసుకునే ప్రెప్ మొదలుపెట్టి నెల తిరక్కముందే ఆపేశారని, అడిగితే "యాది మరుస్తున్నం" అంటున్నారని రాశారు. నేను హన్మకొండలో నాలుగేళ్లుగా ఈ గోలీ వేసుకుంటున్నాను. నా తర్వాత మొదలుపెట్టిన కొందరికి తోడుగా ఉన్నాను. నేను చూసినంతలో మరుపు పైకి చెప్పే మాట. లోపల ఉండేది భయం.

ఆ డబ్బా కదిలిస్తే గలగలమంటది. పైనున్న పేరు ఫోన్‌లో కొడితే హెచ్‌ఐవీ మందు అనే వస్తుంది, ఎందుకంటే ఈ గోలీలో ఉండే టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ మందులను హెచ్‌ఐవీ చికిత్సలోనూ వాడతారు. ఇంట్లోవాళ్లకు ఏమని చెప్తాడు? మా తమ్ముడొకడు దసరాకు భూపాలపల్లి పోతూ, అమ్మ బ్యాగు సదురుతుందని డబ్బా రూమ్‌లోనే వదిలేశాడు. పది రోజులు గోలీ లేదు. వచ్చాక నేను "ఇంత నిర్లక్ష్యమా" అని కోప్పడ్డాను. నెలరోజులు నా ఫోన్ ఎత్తలేదు. ఆ తప్పు నాది, మీరు చేయకండి.

ఇప్పుడు పండుగకు పోయేవాళ్లకు రోజులు లెక్కగట్టి, రెండు ఎక్కువేసి, గట్టి మూత ఉన్న చిన్న డబ్బీలో దూది పెట్టి ఇస్తున్నాను. మిగతావి తేమ పీల్చే పొట్లంతో సహా అసలు డబ్బాలోనే ఉండాలి.

అలారం కన్నా రోజూ తప్పని పనికి ముడిపెట్టడం మేలు. నాకైతే రాత్రి ఫోన్ ఛార్జింగ్ పెట్టేటప్పుడు. కాజీపేటలో నైట్ డ్యూటీ చేసే తమ్ముడికి డ్యూటీ దిగి చాయ్ తాగేటప్పుడు. మొదట్లో కడుపులో తిప్పితే తిన్నాక వేసుకోమనండి, చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఈ సంగతి ముందే చెప్పండి. ఒకరోజు మరిస్తే యాదికొచ్చినప్పుడు వేసుకోవాలి, రెండు కలిపి వద్దు.

"వేసుకుంటున్నవా?" అంటే అందరూ ఔననే అంటారు. నేను "ఎన్ని మిగిలినయ్ రా?" అంటాను. అమెరికాలో 18–22 ఏళ్ల యువకులతో చేసిన అధ్యయనంలో, క్లినిక్‌కు నెలనెలా రావడం మూడు నెలలకోసారిగా మారాక గోలీ వాడకం తగ్గింది. అందుకే పరీక్షలు మూడు నెలలకోసారైనా నేను మధ్యలో నెలకోసారి కలుస్తాను. భూపాలపల్లి తమ్ముడు ఇప్పుడు నేను అడగకముందే "పదకొండున్నయన్నా" అంటున్నాడు.

మీ తమ్ముళ్లు మళ్లీ మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి, ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల్లో (ఐసీటీసీ) ఉచితం. హెపటైటిస్ బి ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఆపితే కాలేయానికి ప్రమాదం. సిఫిలిస్, గనేరియాలను ఈ గోలీ ఆపదు, కండోమ్ ఉండాల్సిందే. గోలీ మానేసిన రోజుల్లో కండోమ్ లేకుండా కలిసి ఉంటే 72 గంటల్లోపే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, హెచ్‌ఐవీ అంటకుండా 28 రోజులు వేసుకునే మందు వేరే ఉంటుంది. ఎవరినడగాలో తెలియకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, ఉచితం.