వేలిముద్ర పడకపోతే మొహం ఉందిగా! (టెక్ సందేహాలు)

ప్ర: రైల్వేలో చేసి రిటైరయ్యాను. లైఫ్ సర్టిఫికెట్‌కి వెళ్తే నా వేలిముద్ర పడదు. "వేలు తుడుచుకుని మళ్లీ పెట్టండి తాతగారూ" అంటారు. ఇంట్లోనే మొహం చూపిస్తే చాలంటున్నారు, నిజమేనా?
- విశ్రాంత ఉద్యోగి, రాయగడ

జ: నిజమే. వయసుతో వేలి గీతలు అరుగుతాయి, చర్మం పొడిబారుతుంది. ఎంత తుడిచినా యంత్రానికి చిక్కవు. 2021 నుంచి, కేంద్రం నడిపే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ సేవ జీవన్ ప్రమాణ్‌లో మొహంతోనూ పని జరుగుతోంది. ప్లేస్టోర్ నుంచి ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్ రెండూ వేసుకోండి. మొదటిది వేశాక దాని గుర్తు తెర మీద కనిపించదు. పడలేదేమోనని మళ్లీ మళ్లీ వెయ్యకండి, అది వెనకుండి పనిచేసే రకం. ఆధార్, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), పెన్షన్ ఖాతా నంబర్లు, ఓటీపీ వచ్చే ఫోను దగ్గర పెట్టుకోండి.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే: యాప్ రెండుసార్లు మొహం అడుగుతుంది. మొదటిది ఆపరేటరుది, అంటే ఫోను పట్టుకుని పని నడిపించేవారిది. మీ అబ్బాయైనా సరే, మీరైనా సరే, ఆ ఫోనుకు ఒక్కసారి చాలు. పెన్షనరు మొహం ఆ తర్వాత. అబ్బాయి మొహానికి 'సక్సెస్' అని రాగానే అందరూ లేచిపోతే సర్టిఫికెట్ పుట్టదు.

కిటికీకి వీపు పెట్టకండి, మొహం నల్లగా పడుతుంది. వెలుగుకు ఎదురుగా కూర్చుని, కళ్లజోడు తీసి, ఆర్పమన్నప్పుడు రెప్పలార్పండి. ఫొటో స్టూడియో అలవాటున్నవాళ్లు గుడ్లప్పగించి బిగుసుకుపోతారు. ఎదురుగా ఉన్నది ఫొటో కాదు మనిషేనని ఫోను నమ్మేది ఆ రెప్పపాటు చూసే! చివర్లో ప్రమాణ్ ఐడీ మెసేజ్ వస్తుంది, రాసి పెట్టుకోండి. పీపీఓలో ఒక్క అంకె తప్పినా ఐడీ రావచ్చు, తర్వాత బ్యాంకు తిప్పికొడుతుంది. అందుకే కొన్నాళ్లాగి జీవన్ ప్రమాణ్ సైట్‌లో ఓసారి చూసుకోండి. మీకు 80 నిండి ఉంటే నవంబరు దాకా ఆగక్కర్లేదు, అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు.

ప్ర: మావారు చెవుడని ఒప్పుకోరు, టీవీ వాళ్లే గొణుగుతున్నారంటారు. సౌండు 45లో పెడతారు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ కొనిస్తే ఆయనకు వినిపిస్తోంది, నాకు సీరియల్ మూగబోయింది.
- గృహిణి, బరంపురం

జ: చాలా టీవీల్లో బ్లూటూత్ కలవగానే స్పీకరు ఆగిపోతుంది. రెండూ కలిసి మోగే వీలుందేమో ముందు సౌండ్ సెట్టింగ్స్‌లో వెతకండి. లేకపోతే టీవీ వెనక 'ఆప్టికల్' అని రాసిన చిన్న చదరపు రంధ్రం చూడండి. దానికి సరిపడే బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ తెచ్చి తగిలిస్తే, ఎక్కువ టీవీల్లో స్పీకరు మీకు, హెడ్‌ఫోన్ ఆయనకు. డిజిటల్ ఔట్‌పుట్‌ను 'పీసీఎం' అనే మామూలు ధ్వని రూపానికి మార్చడం మరవకండి. డాల్బీలో వదిలేస్తే ట్రాన్స్‌మిటర్ నోరు మెదపకపోవచ్చు. పెదాలు ముందు, మాట వెనక వస్తుంటే ట్రాన్స్‌మిటరూ హెడ్‌ఫోనూ రెండూ 'ఆప్టెక్స్ లో లేటెన్సీ' (మాట ఆలస్యం కాకుండా అందించే) రకం కావాలి. ఒకదానికే ఉంటే డబ్బు దండగ. చెవి డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లండి, టీవీ చూడ్డానికని చెప్పి.

ప్ర: సాయంత్రం డాబా మీద కూర్చుని మనవరాలికి వీడియో కాల్ చేస్తే నెట్ ఉండదు. కిందికొస్తే ఉంటుంది.
- విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జ: పక్కనే ఆంధ్రలోని పాతపట్నం కదా! డాబా ఎక్కితే మీ ఫోను ఆంధ్ర టవరు పట్టుకుంటున్నట్టుంది. సిమ్ ఒడిశాది. డేటా రోమింగ్ (బయటి టవరుతో నెట్ వాడే వీలు) ఆపి ఉంటే మామూలు కాల్ కలుస్తుంది, నెట్ రాదు. సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్ తెరిచి డేటా రోమింగ్ ఆన్ చెయ్యండి. ఇప్పటి ప్లాన్లలో దేశం లోపల దీనికి మామూలుగా అదనపు డబ్బు పడదు. విదేశాలకు వెళ్లేటప్పుడు మాత్రం ఆపి విమానం ఎక్కండి.

ప్ర: గుడ్ మార్నింగ్ బొమ్మలతో ఫోను నిండిపోయింది. అందులో ఒకటి బాగుందని పదిమందికి పంపబోతే ఒక్కరికే వెళ్తోంది.
- గుణుపురం పాఠకుడు

జ: వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా' కింద ఆటో డౌన్‌లోడ్ ఆపండి. 'మేనేజ్ స్టోరేజ్'లో ఏ గ్రూపు ఎంత మింగిందో కనిపిస్తుంది, అక్కడే తుడిచేయండి. గ్యాలరీలో తీసేస్తే ట్రాష్ కూడా ఖాళీ చెయ్యాలి, లేకపోతే చోటు మిగలదు. రెండోది ఫోను తప్పు కాదు. చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపాలని 2020లో వాట్సాప్ కట్టడి పెట్టింది. మీకు నచ్చిన ఆ పువ్వు అప్పటికే ఊళ్లన్నీ తిరిగొచ్చిందన్నమాట.