బ్రూసెల్లోసిస్ తగ్గాక మళ్ళీ ఎందుకు తిరగబెడుతుంది?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. గొర్రెలు మేపే మా నాన్నగారికి బ్రూసెల్లోసిస్ (పశువుల నుంచి మనుషులకు సోకే బాక్టీరియా జబ్బు) వచ్చి, మందులతో తగ్గింది. మూడు నెలలకే మళ్ళీ జ్వరం, చెమటలు, నడుం నొప్పి. మందులు పనిచేయలేదా?

జవాబు: టెన్షన్ పడకండి. సరిగ్గా మందులు వాడినవాళ్ళలోనూ నూటికి 5 నుంచి 15 మందికి ఇది తిరగబెడుతుంది, ఎక్కువగా మందులు ఆపిన ఆరు నెలల లోపే. క్రిమి మందుకు లొంగకపోవడం సాధారణంగా కారణం కాదు. అది మన రక్షణ కణాల లోపలే దాక్కుని బతుకుతుంది.

అందుకే అన్నిటికంటే పెద్ద ముప్పు వైద్యం చాలకపోవడం. డాక్సీసైక్లిన్ ఆరు వారాలు, దానితోపాటు రెండో మందు తప్పనిసరి. జ్వరం తగ్గగానే మంద వెంట వెళ్ళాలని చాలామంది మధ్యలోనే ఆపేస్తారు. రెండో మందుగా రిఫాంపిసిన్ కంటే స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు తీసుకున్నవారిలో తిరగబెట్టడం తక్కువ. వెన్నెముకకు పాకితే కనీసం మూడు నెలలు వాడాలి. నాన్నగారి నడుం నొప్పిని దయచేసి తేలిగ్గా తీసుకోకండి, ఎమ్మారై అవసరమా అని డాక్టరుగారిని అడగండి.

మొదట్లో రక్తం కల్చర్‌లో (రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) క్రిమి కనిపించినా, ప్లేట్‌లెట్లు తగ్గినా ముప్పు ఎక్కువే. మగవారిలోనూ కాస్త ఎక్కువ.

కొత్తగా సోకి ఉండే అవకాశమూ ఉంది. ఈసుకుపోయిన (గర్భం పోయిన) గొర్రె మావిని వట్టి చేతులతో తీశారా, పచ్చిపాలు తాగారా అన్నది డాక్టరుకు చెప్పండి. యాంటీబాడీ పరీక్ష (క్రిమిపై ఒంట్లో తయారైన రక్షణ పదార్థాలను చూసేది) జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి పాజిటివ్‌గా ఉండొచ్చు, కాబట్టి కల్చర్ కూడా చేయించండి. తిరగబెట్టినా చాలామందికి అవే మందులు మళ్ళీ పనిచేస్తాయి.