సాఫ్ట్‌వేర్‌ను ఒకదాని తర్వాత ఒకటిగా దశలవారీగా తయారుచేసే వాటర్‌ఫాల్ మోడల్‌లో ఒక దశ ముగిశాక మళ్లీ వెనక్కి వెళ్లకూడదా?

వెళ్లొచ్చు, కాకపోతే ఎంత ఆలస్యంగా వెళ్తే అంత ఖర్చు. రిక్వైర్‌మెంట్స్ (ఏం కావాలో తేల్చుకోవడం), డిజైన్, కోడింగ్, టెస్టింగ్ అనే వరుసలో ప్రతి దశా అంతకుముందు తేల్చినదాని మీదే నిలబడుతుంది. అందుకే మొదట్లో జరిగిన తప్పు చివర్లో బయటపడితే మధ్యలో చేసిందంతా తిరగదోడాలి.

టికెట్ బుకింగ్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. సీటు ఎంచుకోవడం, డబ్బు కట్టడం లాంటివి ఫంక్షనల్ రిక్వైర్‌మెంట్స్, అంటే సాఫ్ట్‌వేర్ ఏ పనులు చేయాలో చెప్పేవి. వీటిలో లోపం దొరికితే చాలాసార్లు ఒక స్క్రీనో, ఒక మాడ్యూలో సరిచేస్తే సరిపోతుంది. ఒకేసారి 10,000 మంది వచ్చినా పేజీ 2 సెకన్లలో తెరుచుకోవాలన్నది నాన్-ఫంక్షనల్, అంటే ఆ పనులు ఎంత బాగా జరగాలో చెప్పేది. అసలు తలనొప్పి దీనితోనే. ఎక్కువమంది ఒకేసారి వాడితే ఎలా ఉంటుందో చూసే లోడ్ టెస్టింగ్‌లో అదే పేజీకి 20 సెకన్లు పట్టిందంటే, ప్రతి క్లిక్కూ ఒకే డేటాబేస్ మీద పడేలా చేసిన డిజైన్‌నే మార్చాల్సి రావచ్చు.

1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త విన్‌స్టన్ రాయిస్ రాసిన, వాటర్‌ఫాల్‌కు మూలంగా చెప్పే పేపర్ ఈ 'వెనక్కి చూడొద్దు' పద్ధతిని సమర్థించిందని చాలామంది అనుకుంటారు. నిజానికి టెస్టింగ్‌ను చివరికి వదిలేస్తే ప్రమాదమని అందులోనే ఉంది. కొత్తరకం సాఫ్ట్‌వేర్ అయితే ముందు చిన్న నమూనా కట్టి చూసి, కస్టమర్ చేతికి వెళ్లేది రెండో వెర్షన్ అయ్యేలా చూడమన్నారాయన.