విరేచనాలు తగ్గినా పాలు పడట్లేదు.. పేగు పొర మళ్లీ బాగవుతుందా?

ప్రశ్న: నా వయసు 36. మూడు వారాల క్రితం వాంతులు, విరేచనాలతో నాలుగు రోజులు మంచం పట్టాను. అవి తగ్గాయి కానీ ఇప్పుడు పాలు తాగితే చాలు, కడుపు ఉబ్బరం, నీళ్ల విరేచనం. పేగు లోపలి పొర దెబ్బతిందని అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇది మళ్లీ మామూలవుతుందా?

జవాబు: అవుతుంది, ధైర్యంగా ఉండండి. పేగు లోపలి పొర అంటే ఒకే ఒక్క వరుస ఎపిథీలియల్ కణాలు. తిన్నదాంట్లోని సారాన్ని లోపలికి తీసుకోవాలి, క్రిములను బయటే ఆపాలి. రెండు పనులూ ఆ వరుసదే. అంత రాపిడి ఉంటుంది కాబట్టి ఆ కణాలు 3 నుంచి 5 రోజుల్లో రాలిపోయి, కొత్తవి వస్తుంటాయి. పొర మీద సన్నని వేళ్లలా లేచి ఉండే విల్లై మొదళ్ల దగ్గర చిన్న చిన్న గుంతలుంటాయి. కొత్త కణాలు పుట్టేది అక్కడి మూల కణాల నుంచే. పుట్టిన కణం పైకి జరుగుతూ ముదురుతుంది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ అలా ముదిరిన కణాల్లోనే ఉంటుంది. చాలా వైరస్‌లు దెబ్బకొట్టేది సరిగ్గా వాటినే. పొర త్వరగానే కప్పుకుంటుంది కానీ లాక్టేజ్ అన్నిటికంటే ఆఖరున తిరిగొస్తుంది. అప్పటిదాకా అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి వెళ్లి గ్యాస్ పుట్టిస్తుంది, నీటిని లాగుతుంది. మీ బాధ అదే అయి ఉంటుంది.

ఈ పొరలోనే కాపలా కణాలూ ఉన్నాయి. గోబ్లెట్ కణాలు జిగురు పూస్తాయి. మూల కణాల పక్కనే ఉండే పానెత్ కణాలు క్రిములను చంపే లైసోజైమ్‌ను వదులుతాయి. మన కన్నీళ్లలో ఉండేదీ అదే. టఫ్ట్ కణాల సంగతి నాకు మరీ ఆశ్చర్యం. నులిపురుగులు చేరితే ముందుగా పసిగట్టి రోగనిరోధక కణాలకు కబురు పంపేది ఇవేనని 2016లోనే ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. ఆ కబురుతో గోబ్లెట్ కణాలు పెరిగి, జిగురు ఎక్కువై, పురుగు బయటికి పోతుంది.

మరో రెండు మూడు వారాలు పాలు మానేయండి. పెరుగు చాలామందికి పడుతుంది, కొద్దికొద్దిగా తిని చూడండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. పొర మానడానికి కావాల్సిన ప్రోస్టాగ్లాండిన్లను అవి తగ్గిస్తాయి. 'ఇమ్యూనిటీ' పొడుల మీద డబ్బు పెట్టకండి.

పాలు మానినా తగ్గకపోతే మల పరీక్ష చేయించాలి, జియార్డియా అనే పరాన్నజీవి కూడా ఇలాగే ఇబ్బంది పెడుతుంది. మలంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, జ్వరం వచ్చినా, రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వస్తున్నా ఆగకుండా గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి.