ఒంటి మీది సూక్ష్మజీవుల గురించి పిల్లలకు భయం కలగకుండా ఎలా చెప్పాలి?

బడిలో "మీ చేతుల నిండా క్రిములే" అన్న బొమ్మ చూసినప్పటి నుంచి మీ ఆరేళ్ల పాప పదే పదే చేతులు కడుక్కుంటోందని, ఒంటి మీద ఎప్పుడూ సూక్ష్మజీవులు ఉంటాయని చెబితే భయం ఇంకా పెరుగుతుందేమోనని మీరు అడిగారు. చెప్పాలనే నా అభిప్రాయం. హైదరాబాదులో జీవశాస్త్రం బోధిస్తూ, సెలవుల్లో మా కాలనీ చిన్నపిల్లలకు కూడా ఈ విషయాలు చెబుతూ వస్తున్నాను. నేను చూసినంతలో, సూక్ష్మజీవి అనగానే జబ్బు మాత్రమే తెలిసిన పిల్లలే ఎక్కువగా భయపడతారు. అది మనతో పాటే ఉంటుందని జబ్బుల సంగతి కంటే ముందే తెలిసిన పిల్లలకు ఆసక్తి కలుగుతుంది.

మొదలుపెట్టడానికి వంటగదిని మించిన చోటు లేదు. రాత్రి పాలు తోడు పెట్టే పని పాపకే అప్పగించండి. పాలు గోరువెచ్చగానే ఎందుకు ఉండాలి, మరీ వేడిగా ఉంటే ఎందుకు తోడుకోవు, మే నెలలో మధ్యాహ్నానికే పులిసిపోయే పెరుగు డిసెంబరు చలిలో తెల్లవారినా ఎందుకు గట్టిపడదు అని అడిగించండి. ఆ చెంచాడు తోడులో ఉన్న లాక్టోబాసిల్లస్ వంటి బాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుందని, ఆ పులుపుకే పాలలోని ప్రోటీను గడ్డకడుతుందని, మరీ వేడి పాలలో అది చచ్చిపోతుందని, చలికి దాని పని మందగిస్తుందని అప్పుడు చెప్పవచ్చు. ఇంతవరకు వచ్చిన పిల్లలు సాధారణంగా "మరి మనం తింటే అవి కడుపులో ఏం చేస్తాయి?" అని వాళ్లంతట వాళ్లే అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చేదాకా ఒంటి సంగతి ఎత్తకపోవడమే మంచిది.

ఒంటి విషయానికి వచ్చినప్పుడు కంటికి కనబడని అంకెలు చెప్పకుండా, ముక్కుకు, నాలుకకు తెలిసే చోట్ల నుంచి వెళ్లాలి. పొద్దున్నే పళ్లు తోముకోక ముందు నాలుకతో పళ్లను తడిమి చూడమనండి. ఆ జిగురు పాచి చాలావరకు బాక్టీరియానే. డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారం చేసిన లీవెన్‌హుక్, తానే అరగదీసుకున్న కటకంతో ఇలాంటి పళ్ల పాచినే చూసి, అందులో కదిలే జీవులున్నాయని 1683లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. పాచిలోని కొన్ని బాక్టీరియాలు మనం తిన్న చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి కాబట్టే పళ్లు పుచ్చుతాయని ఇక్కడే చెప్పేస్తే, తోముకోమని వేరుగా పోరు పెట్టనక్కరలేదు.

తరువాత సాక్సులు. చెమటకు దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు. చర్మం మీది బాక్టీరియా చెమటలోని పదార్థాలను, రాలిపోయే చర్మపు కణాలను విడగొట్టినప్పుడే ఆ వాసన పుడుతుంది. పాదాల మీద ఉండే బ్రెవిబాక్టీరియం జాతికి చెందినవే కొన్ని ఘాటైన చీజ్‌ల పైపొరలో కూడా ఉంటాయి (పిజ్జా మీద వేసే చీజ్ కాదు, తల్లిదండ్రులు కంగారుపడవద్దు). ఈ మాట చెప్పగానే ఒక పిల్లవాడు "అయితే నా కాళ్లతో చీజ్ చేయొచ్చా?" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. అలా నవ్వుకున్న విషయానికి పిల్లలు మళ్లీ భయపడటం నేను పెద్దగా చూడలేదు.

పేగుల గురించి చిన్నపిల్లలకు రెండు మాటలు చాలు: మనం అరిగించుకోలేని పీచును పెద్దపేగులోని బాక్టీరియా తింటుంది, మనకు కొంత విటమిన్ కె కూడా తయారుచేస్తుంది. మన కణాల కంటే బాక్టీరియా పదింతలు ఎక్కువన్న పాత లెక్క ఇంకా చాలాచోట్ల కనిపిస్తుంది, దాన్ని చెప్పకండి. 2016లో వచ్చిన అంచనా ప్రకారం పెద్దవారి శరీరంలో మానవ కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, ఆ బాక్టీరియా మొత్తం బరువు దాదాపు 200 గ్రాములు. ఆరేళ్ల పాపకు లక్షల కోట్లు అర్థం కావు కానీ, పావు కిలో కంటే తక్కువన్నది చేతిలో పెట్టి చూపించవచ్చు.

"మంచివైతే ఎందుకు కడుక్కోవాలి?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. మన వీధిలో కాపురముండేవారు వేరు, బస్సు దిగి అటుగా వచ్చి పోయేవారు వేరు అని నేను చెబుతాను. సబ్బు ముఖ్యంగా వచ్చి పోయేవాటిని, అంటే మరుగుదొడ్డి నుంచి, పచ్చి మాంసం నుంచి, బయటి మురికి నుంచి చేతికి అంటుకున్నవాటిని తొలగిస్తుంది. చర్మపు పొరల్లో, వెంట్రుకల కుదుళ్లలో ఉండేవి త్వరలోనే మళ్లీ పెరుగుతాయి. కాబట్టి అన్నానికి ముందు, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, ఆటల తరువాత, మామూలు సబ్బుతో 20 సెకన్లు కడిగితే సరిపోతుంది, గంటగంటకూ కడిగినందువల్ల అదనపు లాభం లేదు. "99.9 శాతం క్రిములు పోతాయి" అన్న ప్రకటనలు చూసి ఖరీదైన సబ్బులు కొనే తల్లిదండ్రులు ఒకటి గమనించాలి: మామూలు సబ్బు, నీళ్ల కంటే మెరుగని గానీ, రోజూ దీర్ఘకాలం వాడినా సురక్షితమని గానీ నిరూపణ కాలేదన్న కారణంతో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ట్రైక్లోసాన్‌తో సహా 19 పదార్థాలను అలాంటి సబ్బుల్లో వాడరాదని నిర్ణయించింది.

అయితే అన్నీ మంచివేనని కూడా చెప్పకూడదు. స్టెఫిలోకాకస్ ఆరియస్ చాలామంది ముక్కులో ఏ హానీ చేయకుండా ఉంటుంది, గాయంలోకి చేరితే మాత్రం చీము పట్టిస్తుంది. మోకాలు గీరుకుపోయినప్పుడు కడుగుతూ ఈ సంగతి చెబితే బాగా ఎక్కుతుంది.

చేతి ముద్రను అగార్ (సూక్ష్మజీవులను పెంచడానికి వాడే జెల్లీ లాంటి పదార్థం) పళ్లెంలో పెంచి చూపించే ప్రయోగాన్ని ఇంట్లో చేయవద్దని గట్టిగా చెబుతాను. హాని చేసేవి కూడా అందులో కోట్లలో పెరగవచ్చు, పైగా ఆ మచ్చలు చూసి అసహ్యం తప్ప మరేమీ మిగలదు. దాని బదులు బడిలోని సూక్ష్మదర్శిని కింద పల్చని పెరుగు చుక్కను, మిథిలీన్ బ్లూ రంగు వేయించి, ఉపాధ్యాయుల సాయంతో చూపించండి.

పాప చేతులు పగిలేంతగా కడుగుతున్నా, కడగనివ్వకపోతే ఏడుస్తున్నా ఈ కబుర్లతో ఆగకుండా పిల్లల వైద్యుణ్ణి కలవండి. అంత లేకపోతే, హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ప్రజలకు తలుపులు తెరిచే రోజు కోసం చూడండి. ఇలాంటి సందర్శనలు సాధారణంగా దాని మాతృసంస్థ సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినమైన సెప్టెంబరు 26 ప్రాంతంలో ఉంటాయి, తేదీని ముందుగా వారి ప్రకటనలో సరిచూసుకుని వెళ్లండి.