ఖాతాలు బోలెడు, రాసేవాళ్లు కొందరే

ప్రశ్న: తెలుగు వికీపీడియా గణాంకాల్లో సభ్యులు చాలామంది, ‘చురుకైన సభ్యులు’ కొందరే. మిగతావి దొంగ ఖాతాలా? నేనూ ఒకటి తెరిచి వదిలేశాను.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదమ్మా. గత 30 రోజుల్లో ఏదైనా పని చేసినవాళ్లనే చురుకైనవాళ్లుగా లెక్కేస్తారు. పైగా ఇంగ్లీషు వికీలో లాగిన్ అయినవాళ్లు తెలుగు పేజీ ఒక్కసారి తెరిచినా ఇక్కడ వాళ్ల ఖాతా దానంతటదే ఏర్పడుతుంది. 2003లో మొదలైనప్పటి నుంచీ ఎవరు ఏం రాశారో పేజీల మార్పుల చరిత్రలో నిలవాలి, అందుకే వాడని ఖాతాలనూ తీసేయరు.

మా ఊరి చెరువు గురించి నాలుగు వాక్యాలు రాసి రెండేళ్లు అటు వెళ్లలేదు నేను. మళ్లీ చూస్తే ఎవరో అక్షరదోషాలు దిద్ది ఉంచారు. ఎంత సంతోషమేసిందో! మీ ఖాతా ఇంకా మీదే. పాస్‌వర్డ్ వెతకండి, తెనాలి వ్యాసం తెరవండి.